మన పిల్లలు పొట్టి జాతి కారు

"మన ఒడ్డూ పొడుగూ ఇంతే. ఎక్కడి తెల్లవాళ్ల కొలతలో తెచ్చి మన పిల్లల పక్కన పెట్టి, వీళ్లకి పోషణ లేదంటే ఎలా?" ఈ మాట ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తోంది. ఆర్థికవేత్తలు పత్రికల్లో రాస్తున్నారు. మన దేశానికి వేరే పట్టిక కావాలని దిల్లీలో ప్రభుత్వానికి సలహాలిచ్చేవాళ్లు అడుగుతున్నారు. ఇదే మాట ఇళ్లలోకి వచ్చేసరికి "వాళ్ల నాన్నా పొట్టే, తాతా పొట్టే, మా వంశం తీరే అంత" అవుతుంది. అంగన్‌వాడీ టీచర్ బిడ్డని పడుకోబెట్టి పొడవు కొలిచి, "వయసుకి తగ్గట్టు ఎదగలేదమ్మా" అని చెబితే ఆ తల్లి పక్కన నిలబడ్డ అత్తగారు ఇచ్చే జవాబు ఇదే. ప్రొఫెసర్ గారిదీ అత్తగారిదీ ఒకటే వాదన. రెండూ తప్పు. ఉత్త తప్పే అయితే వదిలేయొచ్చు. ఈ తప్పు వల్ల బిడ్డకి తిండీ, మందూ, శ్రద్ధా అందాల్సిన నెలల్లో అందకుండా పోతున్నాయి. అందుకే దీన్ని ఖండించక తప్పదు.

ముందు లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశం మొత్తం మీద నూటికి 35.5 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. ఈ లెక్కకి గీత ఎక్కడ గీశారో కూడా తెలియాలి. కడుపునిండా తిని, పెద్ద జబ్బులేవీ లేకుండా పెరిగిన పిల్లల్లో కూడా కొందరు పొట్టిగానే ఉంటారు. అలాంటివాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో మాత్రమే దాని కింద పడేంత దిగువన ఆ గీతని గీశారు. రెండేళ్లు నిండిన మగపిల్లాడికి అది 81.7 సెంటీమీటర్లు, ఆడపిల్లకి 80. ఆ వయసు మగపిల్లలు సగటున దాదాపు 88 ఉండాలి. అంటే వంశరీత్యా పొట్టిగా పుట్టేవాళ్లకి ఇవ్వాల్సిన వెసులుబాటు ఆ గీతలోనే ఇచ్చేశారు. ఇద్దరు ముగ్గురు ఉండాల్సిన చోట ముప్ఫైమందికి పైగా ఉంటే, మిగతా వాళ్లని ఏ వంశం ఖాతాలో రాస్తాం?

ఈ వాదన కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, పేద దేశాల పిల్లలు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని సిద్ధాంతం చేశాడు. తిండి ఓ మోస్తరుగా తగ్గితే శరీరం ఆ మేరకు చిన్నగా ఉండి సర్దుకుంటుందని, అది జబ్బు కిందికి రాదని ఆయన మాట. దాన్ని గట్టిగా ఎదిరించినవారు డాక్టర్ సి. గోపాలన్. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకి డైరెక్టరుగా పనిచేసినవారు, ఈ దేశపు పిల్లల ఆకలిని ప్రయోగశాలలోనూ పల్లెలోనూ చూసినవారు. కలిగినవాళ్ల బిడ్డలకి ఒక కొలత, లేనివాళ్ల బిడ్డలకి మరో కొలత పెట్టడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత 2013లో అరవింద్ పనగరియా, అప్పటికి కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఆ తర్వాత నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడు, అదే దారిలో ఇంకో అడుగు వేశారు. మన పిల్లల పొట్టితనంలో చాలా భాగం జన్యువుల నుంచే వచ్చిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక మనకి అతకదని వాదించారు.

పట్టిక సంగతి తేల్చుకుందాం. ఇప్పటిదానికి ముందున్న పాత పట్టిక అమెరికా పిల్లల కొలతలతో చేసిందే. దాని మీద ఈ ఫిర్యాదు నిజం. ఆ లోపం సరిదిద్దడానికే 1997 నుంచి 2003 వరకు ఆరు దేశాల్లో, దాదాపు 8,500 మంది పిల్లల్ని కొత్తగా కొలిచారు. బ్రెజిల్‌లో పెలోటస్, ఘనాలో అక్రా, నార్వేలో ఓస్లో, ఒమన్‌లో మస్కట్, అమెరికాలో డేవిస్. ఆరోది మన దక్షిణ దిల్లీ. తల్లి పొగతాగకూడదు, బిడ్డకి చనుబాలు పట్టాలి, ఎదుగుదలకి అడ్డం పడేంత లేమి ఇంట్లో ఉండకూడదు. ఈ షరతులకి సరిపోయిన ఇళ్ల పిల్లల్నే తీసుకున్నారు. తేలిందేమిటంటే, ఆరు చోట్ల పిల్లలూ అయిదేళ్లదాకా దాదాపు ఒకే తీరున పొడుగెదిగారు. పొడవుల్లో కనబడిన తేడాల్లో దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది 3 శాతం. ఒకే ఊళ్లో బిడ్డకీ బిడ్డకీ మధ్య ఉన్నది 70 శాతం. ఆ కొలతలతోనే 2006లో ఇప్పటి పట్టిక వచ్చింది. అందులో మన పిల్లలు ఉన్నారు. దాన్ని తెల్లవాళ్ల కొలత అనేవాళ్లు దిల్లీ పిల్లల్ని లెక్కలోంచి తీసేసి మాట్లాడుతున్నారు.

ఇంకా దగ్గరి సాక్ష్యం మన రాష్ట్రాల్లోనే ఉంది. 2005-06 సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొట్టి పిల్లలు నూటికి దాదాపు 43 మంది. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో 31, తెలంగాణలో 28. పదేళ్లలో అంత తగ్గింది. ఆ తర్వాత 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్ ఉన్నచోటే నిలిచిపోయింది, తెలంగాణ 28 నుంచి 33కి పెరిగింది. జన్యువులే కారణమైతే పదేళ్లలో ఇంత మంచి ఎలా జరిగింది? అయిదేళ్లలో మళ్లీ ఆ చెడు ఎలా వచ్చింది? జన్యువులు మారడానికి వేల ఏళ్లు పడతాయి. అయిదేళ్లలో మారేవి తిండి, నీళ్లు, జబ్బులు, తల్లి ఒంట్లో సత్తువ. దక్షిణ కొరియా ఆడవాళ్లు నూరేళ్లలో సగటున 20 సెంటీమీటర్లు పొడుగయ్యారు. అక్కడి జాతి ఏమీ మారిపోలేదు.

సీమా జయచంద్రన్, రోహిణీ పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2017లో ఇంకో సంగతి బయటపెట్టారు. భారతదేశపు పిల్లల్ని ఆఫ్రికా పిల్లలతో పోల్చి చూస్తే, తొలిచూలు బిడ్డల్లో మనవాళ్లు తక్కువేమీ కారు. తేడా రెండో కాన్పు నుంచి మొదలై, మూడో కాన్పుకి ఇంకా పెరుగుతుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, అవే జన్యువులు. పెద్దవాడికి లేని పొట్టితనం చిన్నదానికి ఎక్కడిది? మగపిల్లాడి కోసం చూసుకునే ఇంట్లో పెద్దకొడుక్కి దక్కిన పాలూ, వైద్యమూ, తల్లి ఓపికా తర్వాత పుట్టిన ఆడపిల్లకి దక్కలేదన్నదే వాళ్లిద్దరూ చూపించిన ప్రధాన కారణం. వంశం వాదనకి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలిసి లేదు.

జన్యువులే కారణమనేవాళ్ల వైపున్న బలమైన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 2019-21 సర్వేలో అందరికంటే కలిగిన అయిదో వంతు ఇళ్లలో కూడా పొట్టి పిల్లలు నూటికి 23 మంది దాకా ఉన్నారు. తిండికి లోటులేని ఇళ్లలో కూడా ఇలా ఉంటే జన్యువులే కదా అంటారు. సర్వే దృష్టిలో కలిగిన ఇల్లంటే ఫ్రిజ్జూ, బైకూ, పక్కా గోడలూ ఉన్న ఇల్లు. ఆ ఇంటి కోడలు పాతికేళ్ల కిందట ఎలాంటి ఇంట్లో, ఎంత తిని పెరిగిందో ఫ్రిజ్జు చెప్పదు. ఆమె ఒళ్లు చిన్నతనంలోనే కుంగిపోతే కడుపులో బిడ్డకి చోటూ తక్కువే, అందే పోషణా తక్కువే. పక్కింటి మురుగు ఈ ఇంటి గడప దగ్గర ఆగదు. డబ్బున్నంత మాత్రాన ఏడో నెల బిడ్డకి గుడ్డు పెడతారన్న నమ్మకమూ లేదు. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత తిండి అందుతున్నది నూటికి 11 మందికే అని ఆ సర్వేయే చెబుతోంది. ఈ పదకొండుమంది లెక్కని డబ్బులేనితనం ఒక్కటే వివరించలేదు.

కేరళలో శిశు మరణాలు సెనెగల్ కంటే ఎంతో తక్కువ, అయినా పొట్టి పిల్లల లెక్కలో కేరళ మెరుగ్గా లేదు, అంటే కొలతే తప్పు అన్నది పనగరియా చూపించిన మరో ఉదాహరణ. ప్రాణం నిలవడం వేరు, ఒళ్లు ఎదగడం వేరు. టీకా, ఆస్పత్రి కాన్పు, సమయానికి డాక్టరు ఉంటే బిడ్డ బతుకుతుంది. అవేవీ కంచంలో అన్నం పెట్టవు. బతికించడంలో గెలిచినచోట ఎదిగించడంలో వెనకబడ్డామని ఆ లెక్క చెబుతుంటే, కొలబద్ద మార్చమనడం ఏ న్యాయం?

"సరే, పొట్టిగానే ఉన్నారు. అయితే ఏమిటి? ఆరోగ్యంగా ఉన్నారుగా" అన్నది తర్వాతి మాట. ఇక్కడ కొంచెం ఆగాలి. పొట్టిగా ఉండటం జబ్బు కాదు. పొట్టివాళ్లలో గొప్పవాళ్లు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. రెండేళ్ల బిడ్డ పొడవు మనకి చెప్పేది మరొకటి. తల్లి కడుపులోనూ, ఆ తర్వాతి రెండేళ్లలోనూ ఆ బిడ్డకి ఎన్నిసార్లు తిండి చాలలేదో, ఎన్నిసార్లు విరేచనాలతో నీరసించిపోయాడో ఆ కొలతలో నిలిచి ఉంటుంది. అదే సమయంలో మెదడు కూడా పెరుగుతుంటుంది. రెండేళ్లు నిండేసరికి పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో నాలుగింట మూడు వంతులకు చేరుతుంది. ఎముకకి చాలని తిండి మెదడుకి మాత్రం చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఒళ్లు సర్దుకుంటుందన్న సెక్లర్ మాటకి పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చేసిన పరిశోధన గట్టి సమాధానం. అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5. మన బిడ్డల్లో తగ్గింది కండ, లోపలి అవయవాలు. కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. సన్నగా కనిపించే ఒంట్లో కొవ్వు దాచుకుని పుట్టిన ఈ పిల్లలే పెద్దయ్యాక మధుమేహానికి తేలిగ్గా లొంగుతారు. నలభై దాటకుండానే షుగర్ మాత్రలు మింగుతున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. శరీరం సర్దుకోవడానికి చెల్లించే ధర అది.

మన దగ్గరే జరిగిన పరిశోధన ఒకటుంది. దాన్ని ప్రతి తెలుగు తల్లిదండ్రీ తెలుసుకోవాలి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకీ, బాలింతలకీ, ఆరేళ్లలోపు పిల్లలకీ రోజూ అదనపు తిండి అందింది. మిగతా 14 పల్లెలకి ఆ పథకం ఇంకా రాలేదు.  పెట్టింది మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా. గర్భిణికి రోజుకి దాదాపు 500 కేలరీలు, బిడ్డకి 300. పదిహేనేళ్ల తర్వాత, ఆ పిల్లలకి 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక వెళ్లి మళ్లీ చూశారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. 14 మిల్లీమీటర్లు ఏపాటి అని అడగొచ్చు. ఎత్తు కాస్తే పెరిగినా రక్తనాళాలు ఎక్కువ మెత్తగా ఉన్నాయి, మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉంది. అదే నేల, అలాంటివే కులాలు, కుటుంబాలు. చిన్నప్పుడు రోజూ తిన్న గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత గుండె దగ్గర కనిపించింది. పోషణతో ఏమీ మారదని ఇక ఎవరైనా అంటే, ముందు ఆ పల్లెల సంగతి చెప్పమనండి.

మరి మన ఇళ్లలో ఎక్కడ దెబ్బతింటున్నాం? బాలింత దగ్గరే మొదలవుతుంది. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టి, ఆకుకూర వద్దని, గుడ్డు వద్దని, నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. ముర్రుపాలు పట్టడం, ఆరు నెలలదాకా చనుబాలు తప్ప మరేదీ, నీళ్లు కూడా, ఇవ్వకపోవడం ఇప్పుడు చాలామందికి తెలుసు. అసలు నష్టం అన్నప్రాసన తర్వాత జరుగుతోంది. ఆరో నెలలో అన్నం ముట్టించే మన ఆచారం వైద్యం చెప్పే సమయానికే వస్తుంది. వేడుక ఘనంగా చేసి, మర్నాటి నుంచి పప్పు మీది తేట, పల్చటి జావ, టీలో ముంచిన బిస్కెట్. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకి పట్టేది పావు లీటరు లోపే. ఆ పావు లీటరూ తేటనీళ్లతో నింపితే కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. చెంచాలోంచి జారిపోనంత చిక్కగా పప్పన్నం మెదిపి, నెయ్యో నూనో చెంచాడు వేసి, గుడ్డో చేపో కలిపి పెట్టాలి. ఎనిమిది నెలలదాకా రోజుకి రెండు మూడుసార్లు, తర్వాత మూడు నాలుగుసార్లు. గుడ్డు వేడి చేస్తుందని, అరటిపండు జలుబు చేస్తుందని చెప్పే పెద్దల మీద నాకు గౌరవమే. ఈ విషయంలో మాత్రం వాళ్ల మాట వినొద్దు.

విరేచనాలు రెండో దొంగ. నెలకోసారి విరేచనాలు పట్టుకునే బిడ్డ తిన్నది ఒంటికి పట్టదు. అప్పుడు తిండి ఆపకూడదు, ఓఆర్‌ఎస్ పట్టాలి, 14 రోజులు జింకు ఇవ్వాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లకొద్దీ పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

ఇక మిగిలింది "పెద్దమనిషయ్యే వయసులో ఒక్కసారే సాగుతుందిలే" అనే ధీమా. ఆడపిల్ల ఎత్తు జోరుగా పెరిగేది రజస్వల కావడానికి ముందు. ఆ తర్వాత పెరిగేది సాధారణంగా అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లే. అప్పుడు మేలుకుంటే మిగిలేది కొంచెమే. ఈ ఆత్రాన్ని సొమ్ము చేసుకోవడానికి ఎత్తు పెంచుతామనే పొడుల డబ్బాలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో చాలావాటికి రుచి చక్కెర వల్లే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలని హెల్త్ డ్రింకుల వర్గంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పింది. ఆ డబ్బాకి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ గుడ్లు వస్తాయి.

అలాగని కౌమారాన్ని వదిలేయమని కాదు. ఆ వయసులో పిల్లకి కావాల్సింది ఇనుము, నిద్ర, ఆట, చదువు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పిల్లలు పారేస్తుంటే, వికారం పుడుతుందని ఇంట్లో సమర్థిస్తున్నాం. భోజనం చేశాక వేసుకుంటే వికారం తగ్గుతుందని చెప్పేవాళ్లు లేరు. ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్ పెట్టి, ఎనిమిది గంటల నిద్ర కావాల్సిన ఒంటికి అయిదు గంటలే మిగులుస్తున్నారు. మైదానం లేని కాలేజీకి లక్షలు కడుతున్నాం. అన్నింటికంటే ఘోరం, పెరుగుతున్న పిల్ల మెడలో తాళి కట్టించడం. 2019-21 సర్వే ప్రకారం 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3 మంది, తెలంగాణలో 23.5. తనే ఇంకా ఎదుగుతున్న తల్లికి పుట్టిన బిడ్డ తక్కువ బరువుతో పుడితే, దాన్ని వంశం అంటున్నాం. ఆ వంశాన్ని తయారుచేస్తున్నది మనమే.

తిండితో పాటు బిడ్డకి ఆటా మాటా కూడా కావాలి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో పొట్టిగా ఉన్న పిల్లల ఇళ్లకి వారానికోసారి వెళ్లి, తల్లికి బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో రెండేళ్లపాటు నేర్పించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువ. ఇంట్లో మనమే చేసుకుంటే దీనికి ఖర్చు దాదాపు లేదు. బిడ్డ చేతికి ఫోనిచ్చి నోట్లో ముద్ద కుక్కే బదులు, కబుర్లు చెప్పి తినిపించడమే.

ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. ఒక్కో బిడ్డ ఎత్తులో తల్లిదండ్రుల పోలిక ఉంటుంది, గీతకి పైన ఉండి క్రమంగా ఎదుగుతున్న పొట్టి బిడ్డ గురించి బెంగ అక్కర్లేదు. రక్తహీనతకి గీత ఎక్కడ గీయాలన్న చర్చలో మన శాస్త్రవేత్తల వాదనకి బలం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2024లో రెండేళ్లలోపు పిల్లలకి ఆ గీతని కొంత దించింది. కుంగిన తల్లి బిడ్డ ఒక్క తరంలోనే పూర్తిగా ఎదగకపోవచ్చు, రెండు మూడు తరాలు పట్టొచ్చు. ఇవేవీ పనగరియా వాదనని నిలబెట్టవు. తరాలు పడుతుందంటే ఈ తరంతోనే మొదలుపెట్టాలని అర్థం.

పట్టిక మార్చితే ఒక్క రోజులో లక్షలమంది పిల్లలు కాగితం మీద ఎదిగిపోతారు. అంగన్‌వాడీకి వచ్చే గుడ్డు అవసరం లేదని తేలిపోతుంది. ఆ రోజు రాకూడదు. అందుకని మీరు చేయాల్సింది ఒకటుంది. ఈసారి బిడ్డని అంగన్‌వాడీకో ఆస్పత్రికో తీసుకెళ్లినప్పుడు బరువు ఒక్కటే చూసి పంపిస్తే కదలకండి. రెండేళ్లలోపు అయితే పడుకోబెట్టి, దాటితే నిలబెట్టి, పొడవు కూడా కొలిపించి తల్లీబిడ్డల కార్డులో రాయించండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. బిడ్డ ఎదుగుదల గీత కిందికి వంగితే ఎవరి పోలికా వెతక్కుండా డాక్టరుకి చూపించండి.